హెలికాప్టర్ పాడవలేదు, ముందు ట్రిమ్ బటన్ వదలండి

సంపాదకుల వారికి నమస్కారం.

సెలవుల్లో పిల్లలకు ఏం కొనివ్వచ్చో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో చిన్న రిమోట్ హెలికాప్టర్ల గురించి కూడా నాలుగు ముక్కలు రాశారు. ఛార్జింగ్ పెట్టడం, ఎగరేయడం, అంతే అన్నట్టుంది ఆ వరస. ఛార్జింగ్ పెట్టడం వరకూ నిజమే. ఎగరేయడం దగ్గరికొచ్చేసరికి జరిగేది వేరు. జానెడు ఎత్తు లేస్తుంది, బొంగరంలా గిర్రున తిరుగుతుంది, గోడకేసి కొట్టుకుని కింద పడుతుంది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. ఇక ఇంట్లో తలా ఓ చెయ్యి వేసి రిమోట్ మీదున్న ట్రిమ్ బటన్లు (తనంతట తానే ఒకవైపు మళ్లే బొమ్మను కొద్దికొద్దిగా సరిచేసేవి) అటూ ఇటూ నొక్కేస్తారు, సాయంత్రానికల్లా ఇది డిఫెక్ట్ పీసని తేల్చేసి అటకెక్కిస్తారు.

ఈ బొమ్మలు ఎగరేయడం, తెలిసినవాళ్లవి విప్పి బాగుచేయడం నాకు చాలాకాలంగా ఉన్న పిచ్చి, ఆ చనువుతోనే రాస్తున్నాను. పాడైందని నా దగ్గరికి తెచ్చినవాటిలో చాలావరకు పాడైనవి కానే కావు. ట్రిమ్ నొక్కీ నొక్కీ అసలు జబ్బేదో తెలియకుండా చేసినవే ఎక్కువ. ట్రిమ్ ఆఖర్న చేసే పని. గాలి, బ్యాటరీ, రెక్కలు, షాఫ్ట్ (రెక్కల్ని తిప్పే ఇరుసు) అన్నీ చూసుకుని, ఇక మిగిలింది ఇదే అనుకున్నప్పుడు దాని మీద చెయ్యి వేయాలి. మీ వ్యాసంలో ఈ సంగతి లేదు, డబ్బాలో వచ్చే ఆ కాగితంలోనూ ఉండదు (ఉన్నా ఆ అక్షరాలు చదవడానికి భూతద్దం కావాలి).

అసలు ముందు చేతిలో ఉన్నది ఏ రకమో చూసుకోవాలి, ఎందుకంటే ఒకదానికి చెప్పిన వైద్యం ఇంకోదానికి పనికిరాదు. పైన రెండు వరసల రెక్కలు ఒకదాని మీద ఒకటి ఉండి, పై వరస ఒకవైపు, కింది వరస దానికి ఎదురువైపు తిరుగుతుంటే అది కోఆక్సియల్. పిల్లలకు కొనేవి ఎక్కువగా ఇవే. ఒకే వరస రెక్కలు, తోక పక్కన నిలువుగా తిరిగే చిన్న ఫ్యాను ఉంటే సింగిల్ రోటర్. అందులోనూ నాలుగు ఛానళ్లవి (ఛానల్ అంటే రిమోట్‌తో విడిగా నడిపించగల ఒక్కో కదలిక) ఉంటాయి, రెక్కల వాలు కూడా మార్చే ఆరు ఛానళ్లవి ఉంటాయి. ఆరు ఛానళ్లది చూడ్డానికి ఎంత ముద్దొచ్చినా మొదటిసారి ఎగరేసేవాళ్ల చేతికి ఇవ్వకండి, దానికి కంప్యూటర్లో సిమ్యులేటర్ మీద బాగా చెయ్యి తిరగాలి.

రకం ఎందుకు చూడమంటున్నానంటే, గిర్రున తిరగడమనే జబ్బు రెండింటిలో రెండు చోట్ల ఉంటుంది. మోటారు రెక్కల్ని ఒకవైపు తిప్పితే ఒళ్లు ఎదురువైపు తిరగాలని చూస్తుంది, ఇది న్యూటన్ చెప్పిందే. 1939లో ఇంజినీరు సికోర్‌స్కీ ఎగరేసిన వీఎస్-300 హెలికాప్టర్ దగ్గర్నుంచి ఈనాటి హెలికాప్టర్లలో ఎక్కువ వాటికి ఆ తిరుగుడును ఆపేది తోక ఫ్యానే. కాబట్టి సింగిల్ రోటర్ బొమ్మ గిర్రున తిరిగితే తోక చూడాలి. మోటారు తిరుగుతోందా, ఫ్యాను దాని ఇరుసు మీద జారిపోయిందా, తోక గొట్టం లోపలి వైరు తెగిందా, ఫ్యాను తిరగేసి పెట్టారా అని. కోఆక్సియల్‌లో అలా కాదు. అక్కడ రెండు వరసలూ ఎదురెదురుగా తిరిగి ఒకదాని తిరుగుడును ఇంకోటి కొట్టేస్తాయి, కుడి ఎడమలకు మళ్లడం కూడా ఒక వరస వేగం పెంచి రెండోదాని వేగం తగ్గించడం వల్లే జరుగుతుంది. మూడు ఛానళ్ల బొమ్మకు తోక మీద పడుకోబెట్టినట్టుండే చిన్న ఫ్యానుకు ఈ మళ్లడంతో ఏ సంబంధమూ లేదు, అది తోకను కాస్త పైకో కిందికో నెట్టి బొమ్మను ముందుకో వెనక్కో పంపుతుంది, అంతే. బొమ్మ గిర్రున తిరుగుతోందని ఆ తోక మోటారు మార్పించినవాళ్లను చూశాను. అసలు తేడా పైన రెక్కల దగ్గర ఉంటే తోక ఎన్నిసార్లు మార్చినా ఒకటే. ముందుకు వెళ్లనని మొండికేస్తే మాత్రం తోక వైరు చూడండి, అక్కడ నిజంగానే దొరుకుతుంది.

రెండు వరసలంటే చవక బొమ్మల వ్యవహారమని తీసిపారేయొద్దు. నాసా అంగారకుడి మీదికి పంపిన ఇంజెన్యుయిటీ హెలికాప్టర్ కూడా ఈ పద్ధతిదే. 1.8 కిలోల బరువు, చివరి నుంచి చివరికి 1.2 మీటర్ల రెక్కలు, భూమి మీది గాలిలో దాదాపు నూరోవంతు మాత్రమే ఉండే చోట 2021 ఏప్రిల్ 19న 3 మీటర్లు పైకి లేచి, మొత్తం 39 సెకన్లు ఎగిరి దిగింది. అయిదుసార్లు ఎగిరితే చాలనుకున్నది 72 సార్లు ఎగిరింది, 2024 జనవరిలో రెక్కలు దెబ్బతినడంతో దాని ఎగురుడు ఆగిపోయింది. రెక్క దెబ్బతింటే దానికైనా ఇంకేమీ చేయడానికి లేదు. మన బొమ్మకు ఆ బాధ లేదు, కొత్త రెక్క తెచ్చి రెండు స్క్రూలు బిగిస్తే సరిపోతుంది.

ఇక స్విచ్ వేసే దగ్గర జరిగే గొడవ. చాలా బొమ్మలకు వరస ఇది: ముందు థ్రాటిల్ స్టిక్ (రెక్కల వేగం పెంచి తగ్గించే మీట) పూర్తిగా కిందికి దించి రిమోట్ ఆన్ చేయాలి, ఆ తర్వాత హెలికాప్టర్ ఆన్ చేసి సమంగా ఉన్న నేల మీద పెట్టి చెయ్యి తీసేయాలి. లైటు మిణుకుమనడం ఆగి నిలకడగా వెలిగేదాకా దాన్ని కదపకూడదు. ఆ కొన్ని సెకన్లలో లోపలున్న గైరో (తిరుగుడును పసిగట్టే చిన్న భాగం), నేను కదలకుండా ఉన్నప్పుడు ఇలా ఉంటాను అని లెక్క కట్టుకుంటుంది. చేతిలో పట్టుకుని ఊపుతూ స్విచ్ వేస్తే ఆ ఊగడాన్నే సున్నా అనుకుంటుంది, ఇక గాల్లోకి లేచిన దగ్గర్నుంచి మెల్లగా ఒకే వైపు తిరుగుతూనే ఉంటుంది. దీనికి ట్రిమ్ నొక్కారనుకోండి, తర్వాతిసారి స్విచ్ సరిగ్గా వేసినప్పుడు ఎదురువైపు తిరుగుతుంది. బొమ్మ ఒకరోజు ఒకలా ఇంకోరోజు ఇంకోలా ఉంటోందనే ఫిర్యాదు నాకు తరచూ వినబడుతుంది, సగంసార్లు దాని వెనక ఉన్నది ఇదే. ఆపి, నేల మీద పెట్టి, మళ్లీ ఆన్ చేస్తే చాలు. ఆపేటప్పుడు మాత్రం హెలికాప్టర్ ముందు, రిమోట్ తర్వాత.

స్విచ్ వేసినా రెక్కలు కదలకపోతే కంగారు పడొద్దు. థ్రాటిల్ అడుగున లేకుండా ఆన్ చేస్తే చాలా బొమ్మలు మొరాయిస్తాయి, అది మన వేళ్ల మంచికే పెట్టారు. కొన్నింటికి స్టిక్‌ను ఒకసారి పూర్తిగా పైకి, మళ్లీ పూర్తిగా కిందికి తెస్తేగానీ మోటారు లేవదు. రిమోట్‌లో సెల్స్ నీరసించినా ఇదే తంతు. రిమోట్ మీద లైటు వెలుగుతోంది కదా అంటారు, లైటు వెలగడానికి సరిపోయినంత మాత్రాన సిగ్నల్ పంపడానికి సరిపోతుందని ఏమీ లేదు. ఇన్‌ఫ్రారెడ్‌తో నడిచే చిన్న బొమ్మలకు (టీవీ రిమోట్‌లో ఉండేలాంటి, కంటికి కనబడని వెలుతురు అది) ఎండ అసలు పడదు. కిటికీ దగ్గరికి వెళ్లగానే చెప్పిన మాట వినదు, ఆరుబయట ఎండలో అయితే పేరుకే రిమోట్. ఒకే గదిలో అలాంటివి రెండు ఎగరేస్తే ఒకదాని రిమోట్‌కు రెండోది కూడా లేస్తుంది, అందుకే వాటికి ఏ, బీ, సీ అని చిన్న మీట ఉంటుంది, చెరొకటి ఎంచుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో రిమోట్‌కు ఈ బాధలేవీ లేవు.

గాలి సంగతి. ఇళ్లలో ఎగరేసే బొమ్మల్లో బాగా చిన్నవి 50 గ్రాములు కూడా ఉండవు. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూ ఉండగా, బొమ్మ పక్కకు పోతోంది ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? ఫ్యానూ ఏసీ ఆపండి, కిటికీ మూయండి. అయినా ఒక గాలి మాత్రం ఆగదు, అది ఆ బొమ్మ స్వయంగా పుట్టించే గాలి. రెక్కలు కిందికి తోసిన గాలి నేలను కొట్టుకుని చుట్టూ చిందరవందరగా లేచి, నేలకు దగ్గరగా ఉన్నంతసేపూ బొమ్మను అటూ ఇటూ తోస్తూనే ఉంటుంది. రెక్కల చుట్టు ఎంత వెడల్పో, సుమారుగా అంత ఎత్తు లోపలే ఈ గోల. కొత్తవాళ్లు భయంకొద్దీ సరిగ్గా ఆ ఎత్తులోనే ఎగరేస్తారు, అంటే పెద్దపెద్దవాళ్లకే కష్టమైన చోట మొదలుపెడతారన్నమాట. థ్రాటిల్ మెల్లమెల్లగా గీకుతూ కూర్చోకుండా, ఒకే ఊపులో, కుదుపు లేకుండా మోకాలెత్తు దాటించి నడుమెత్తుకు తేవాలి. అక్కడికి వెళ్లగానే అదే బొమ్మ ఎంత బుద్ధిగా నిలబడుతుందో చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. గోడ పక్కన, సోఫా పక్కన, పరదా పక్కన కూడా ఈ వెనక్కి కొట్టే గాలి ఉంటుంది, కాబట్టి గది మధ్యలోంచే లేపాలి.

ఇప్పుడు బ్యాటరీ. ఇది మాత్రం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మిగతావి తప్పితే బొమ్మ పోతుంది, ఇది తప్పితే ఇల్లు అంటుకునే ప్రమాదం ఉంది. వీటిలో ఉండేది లిథియం పాలిమర్ సెల్. దాని మీద 3.7 వోల్టులని రాసి ఉంటుంది, నిండా ఎక్కినప్పుడు 4.2, 3 వోల్టుల కిందికి దిగజారితే సెల్ దెబ్బతింటుంది. చిన్న బొమ్మ ఎగిరేది మహా అయితే అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు. ఆ తర్వాత థ్రాటిల్ ఎంత పెంచినా ఎత్తు నిలవదు, అప్పుడు దించేయాలి. ఇంకొక్క రౌండు అని పిల్లలు గోల పెట్టినా సరే దించేయాలి, ఆ ఆఖరి రౌండే సెల్‌ను చంపేది. దించాక వెంటనే ఛార్జింగ్‌కు పెట్టకుండా పది పదిహేను నిమిషాలు చల్లారనివ్వండి, ఆ విరామం మోటార్లకూ మంచిదే. ఛార్జింగ్ అవుతున్నంతసేపూ మనిషి గదిలో ఉండాలి, పరుపు మీదా దిండు కిందా పెట్టకూడదు, రాత్రి పెట్టి పొద్దున తీయకూడదు. దాంతో వచ్చిన ఛార్జరే వాడండి, ఇంట్లో ఏ వైరు దొరికితే అది తగిలించడం వద్దు. చాలారోజులు ఎగరేయబోమనుకుంటే నిండా ఎక్కించీ కాదు, పూర్తిగా దించేసీ కాదు, సగంలో, అంటే 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచాలి. సెల్ ఉబ్బితే, కాస్త ఉబ్బినా, ఇక దాని పని అయిపోయినట్టే, వాడొద్దు. పిన్నుతో పొడిచి గాలి తీద్దామనే తెలివి అస్సలొద్దు, అది మంట లేచే పని. చెత్తబుట్టలో వేయకుండా పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వండి.

బ్యాటరీకీ ట్రిమ్‌కూ కూడా లంకె ఉంది. వోల్టేజీ దిగేకొద్దీ రెండు మోటార్ల బలం ఒకేలా తగ్గదు, కాబట్టి నిండు బ్యాటరీతో నిటారుగా నిలబడింది ఆఖరి నిమిషంలో మెల్లగా మళ్లుతుంది. అయిపోవచ్చిన బ్యాటరీతో ట్రిమ్ సరిచేసి, ఛార్జింగ్ పెట్టి మళ్లీ లేపితే అది ఎదురువైపు తిరగడంలో వింతేమీ లేదు. ట్రిమ్ చూసుకునేది ఎప్పుడైనా ఎగరడం మొదలుపెట్టి ఒకటి రెండు నిమిషాలయ్యాక, బ్యాటరీ మంచి ఊపులో ఉన్నప్పుడు.

ఇవన్నీ సరే, అయినా తేడా ఉందంటే అప్పుడు బొమ్మను చేతిలోకి తీసుకోవాలి. బ్యాటరీ ఆపేసి, వీలైతే పిన్ను పీకేసి, కోఆక్సియల్ అయితే కింది వరస రెక్కను వేలితో మెల్లగా తిప్పండి, తర్వాత పై వరసను. రెండూ ఒకే తేలికతో తిరగాలి. ఒకటి బరువుగా, పట్టుకుని పట్టుకుని తిరుగుతోందంటే మీ గిర్రున తిరిగే జబ్బు దొరికినట్టే. గేరు పక్కన వెలుతురు పడేలా పట్టుకుని, షాఫ్ట్ ఒంట్లోకి దిగే ఆ సన్నటి సందులోకి చూడండి. తలవెంట్రుకలు, తివాచీ పోగులు అక్కడ వరసలు వరసలుగా చుట్టుకుని ఉంటాయి, పైనుంచి చూస్తే అస్సలు కనబడవు. సూదితో ఒక కొస పైకి లేపి, ట్వీజర్‌తో పట్టుకుని, చుట్టుకున్న వైపుకు ఎదురుగా తిప్పుతూ లాగాలి. పొడవాటి జుట్టు ఉన్నవాళ్ల ఇంట్లో తివాచీ మీద దిగిన హెలికాప్టర్‌లోంచి నేను తీసినంత వెంట్రుకలు, చెబితే నమ్మరు. అది తీశాక గేరు దగ్గర సన్నటి నూనె ఒక్క చుక్క, అదీ షాఫ్ట్ తిరిగే చోటే. ప్లాస్టిక్ పళ్ల మీద నూనె పోస్తే దుమ్మంతా పట్టి ఇంకో రోగం మొదలవుతుంది.

వణుకు వేరే కథ. ఒళ్లంతా జివ్వుమని వణుకుతోందంటే రెక్కో షాఫ్టో వంగిందని అర్థం. రెక్కల కొసల మీద ఒకదానికి ఎర్ర మార్కర్, ఇంకోదానికి నల్ల మార్కర్ పూసి, నేల మీద పెట్టి, లేవడానికి కాస్త తక్కువగా థ్రాటిల్ ఇచ్చి, దూరంగా, కళ్లద్దాలు పెట్టుకుని, పక్కనుంచి చూడండి. రెండు కొసలూ కలిసి ఒకే గీతలా కనబడాలి. ఎరుపు ఒకచోట నలుపు ఒకచోట రెండు గీతలు కనబడితే ఒక రెక్క వంగింది, లేదా కొసన చిట్లింది. వేళ్లతో వంచి సరిచేస్తే అప్పటికి బాగానే ఉంటుంది, నాలుగు చక్కర్లకు మళ్లీ మొదటికొస్తుంది, మార్చేయడమే నయం. షాఫ్ట్ అనుమానంగా ఉంటే బయటికి తీసి గాజు పలక మీద దొర్లించండి, వంకర ఉంటే కింద వెలుతురు సందు తెరుచుకుంటూ మూసుకుంటూ కనబడుతుంది. వంగిన షాఫ్ట్‌ను సుత్తితో సాపు చేసే ప్రయత్నం మాత్రం చేయకండి.

రెక్క స్క్రూల గురించి ఒక మాట, దీన్ని మరీ మరీ చెప్పాలి. కొత్తవాళ్లు వాటిని గట్టిగా బిగిస్తారు, వదులుగా ఉంటే ఊడిపోతుందని. ఈ చిన్న బొమ్మల్లో చాలావాటికి రెక్క తన స్క్రూ చుట్టూ సులువుగా ఊగాలి. బొమ్మను పక్కకు వంచితే రెక్క తన బరువుకు తనే మెల్లగా వాలేంత వదులు ఉండాలి, అలాగని డబడబ కొట్టుకునేంత కాదు. తిరిగేటప్పుడు ఆ వేగానికి రెక్కలు బయటికి లాగబడి వాటి చోటు అవే సర్దుకుంటాయి, బిగించేస్తే ఆ సర్దుబాటు లేక వణుకు మొదలవుతుంది. గోడకు తగిలినప్పుడు మడుచుకునే వీలు కూడా ఉండదు, విరిగిపోతుంది.

రెక్కలు మార్చేటప్పుడు జరిగే ఇంకో పొరపాటు, పై రెక్క కింద, కింది రెక్క పైన పెట్టేయడం. రెండు వరసలూ ఎదురెదురుగా తిరుగుతాయి గనక ఆ రెక్కలు ఒకదానికొకటి అద్దంలో చూసినట్టు ఉంటాయి, ఒకటి పెట్టాల్సిన చోట ఇంకోటి పెడితే మోటార్లు మోత మోగిపోతాయి గానీ బొమ్మ లేవదు. వాటి మీద ఏ, బీ అని చిన్న అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి, విప్పేముందే చూసుకోండి. అక్షరం కనబడకపోతే ఇంకో గుర్తు: రెక్క అంచుల్లో ఏది ఎత్తుగా ఉంటుందో అది తిరిగే దిక్కున ముందుండాలి, అప్పుడే గాలి కిందికి తోసుకుపోతుంది.

పైన అడ్డంగా చివర్ల గుండ్లతో ఉండే కడ్డీ ఉంది చూశారూ, ఫ్లైబార్, అదే ఈ బొమ్మను కుదురుగా నిలబెట్టేది. పడ్డ ప్రతిసారీ దాని చిన్న లింకు గుండీ నుంచి ఊడిందేమో చూడండి. ఊడితే బొమ్మ తూలుతుంది, ఏ ట్రిమ్ నొక్కినా ఆగదు. ఊడింది తిరిగి నొక్కితే పడుతుంది, అర నిమిషం పని.

చప్పుడు కూడా వినాలి. మోటారు హాయిగా కూస్తూ రెక్క మాత్రం తిరగకపోతే గేరు షాఫ్ట్ మీద జారుతోంది, లేదా మోటారు కొసనున్న చిన్న గేరు పగిలింది. టకటకమంటే గేరు పన్ను విరిగింది. అన్నీ శుభ్రంగా ఉండి, రెక్కలు కొత్తవై, అయినా ఒక వరస నీరసంగా ఉందంటే మోటారు అరిగింది. వీటిలో ఉండే చిన్న బ్రష్ మోటార్ల ఆయుష్షే తక్కువ, మార్చేటప్పుడు రెండూ కలిపి మార్చేయండి, ఒక్కటే మారిస్తే కొత్తదీ పాతదీ బలం కుదరక మళ్లీ తిరుగుడే. సింగిల్ రోటర్‌లో ముందు పోయేది తోక మోటారు. మొదట రెండు నిమిషాలు బాగానే ఉంటుంది, వేడెక్కాక ముక్కు ఒకవైపు లాగడం మొదలవుతుంది, చల్లారాక మళ్లీ బాగవుతుంది. పైనుంచి చూస్తే రెక్కలు గడియారం ముల్లు వైపు తిరిగే బొమ్మ అయితే ఆ లాగుడు ఎడమకు ఉంటుంది. ఈ లక్షణం కనబడితే ట్రిమ్ జోలికి పోకుండా కొత్త తోక మోటారు తెచ్చుకోండి.

ఇంతా అయ్యాక ట్రిమ్. ఒక్కో నొక్కు మాత్రమే. నడుమెత్తున నిలబెట్టి, స్టిక్‌ వదిలేసినప్పుడు ఎటు మళ్లుతోందో చూసి, దానికి ఎదురువైపు ఒక నొక్కు నొక్కి, మళ్లీ చూడాలి. చివరిదాకా నొక్కినా సరిపోవట్లేదంటే ట్రిమ్ మధ్యకు తెచ్చేసి పైన చెప్పిన దార్లో వెనక్కి రండి, ఎక్కడో ఒక వెంట్రుకో వంకరో మీ కంటపడకుండా పోయింది. ఇంకోటి, మూడు ఛానళ్ల బొమ్మకు పక్కకు కదిలించే కంట్రోలే లేదు. అది మెల్లగా పక్కకు జారుతుంటే దానికి ఏ బటనూ లేదు, ముక్కును అటు తిప్పి ముందుకు నడపడమే. ఎప్పుడూ ముందుకే పోతుంటే లోపల బ్యాటరీ ముందుకు జరిగిందేమో చూడండి. కొందరు కావాలనే ముక్కు మీద చిన్న బరువు అతికించి వేగంగా పోయేలా చేస్తారు, అది తర్వాత సరదా.

చేతి విషయంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఒక్కటి. పడబోతోందని తెలిసిన క్షణం థ్రాటిల్ సున్నా. మన చెయ్యి దానికి సరిగ్గా ఎదురు చేస్తుంది, భయంతో స్టిక్‌ను పైకి తోస్తుంది, రెక్కలు సోఫాలో ఇరుక్కుని ఆగిపోయినా మోటారుకు కరెంటు పోతూనే ఉంటుంది. పళ్లు అరిగేది, మోటారు మాడేది అప్పుడే, గోడకు తగిలినందుకు కాదు. బాగా ఎత్తులో ఉన్నప్పుడు ఒక్కసారిగా తీస్తే రాయిలా పడుతుంది కాబట్టి అక్కడ తగ్గిస్తూ దించాలి, నడుమెత్తు లోపల మాత్రం రెండో ఆలోచన వద్దు.

రెండోది, తోక ఎప్పుడూ మీ వైపు ఉంచుకోండి. ముక్కు మీ వైపు తిరగ్గానే కుడి ఎడమలు తారుమారవుతాయి, అక్కడే టెన్షన్ పడి అందరూ గోడకు కొడతారు. తోక మీ వైపు ఉండగా నిలకడగా నిలబెట్టడం వచ్చాక ఒక పక్కకు తిప్పి నిలబెట్టండి, తర్వాత రెండో పక్కకు, ఆఖర్న ముక్కు మీ వైపు. లోపల పైలట్ సీట్లో మీరే కూర్చున్నట్టు ఊహించుకుంటే దిక్కు తప్పదు. పక్కకు వాలించే స్టిక్ ఉన్న నాలుగు ఛానళ్ల బొమ్మయితే ఒక చిట్కా, ముక్కు మీ వైపు ఉన్నప్పుడు అది ఎటు పడిపోతోందో స్టిక్‌ను అటే నెట్టండి, పడే వైపు చెయ్యి ఆసరా పెట్టినట్టు. సింగిల్ రోటర్ నేర్చుకునేవాళ్లు కాళ్ల కింద రెండు సన్నటి కడ్డీలు అడ్డంగా కట్టి కొసలకు బంతులు పెట్టుకుంటే దిగేటప్పుడు ఒరిగిపోదు. స్టిక్ కదలికలు చిన్నవిగా ఉండాలి, ఇచ్చి వెంటనే మధ్యకు తేవాలి. బొమ్మ స్పందించడానికి కాస్త టైం తీసుకుంటుంది, ఆ లోపల ఇంకా ఇంకా తోసేస్తే వెనక్కి లాగడానికి దానికి రెట్టింపు కావాల్సొస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు రిమోట్ ఏ మోడో అడగండి. మోడ్ 2లో థ్రాటిల్ ఎడమ చేతికి వస్తుంది, మోడ్ 1లో కుడి చేతికి, ఒకదానికి అలవాటైన చేతులు రెండోదానితో లేపిన మరుక్షణమే కొట్టేస్తాయి.

సంపాదకులకు నా విన్నపం ఇంతే. ఈసారి ఇలాంటి వ్యాసం వేసినప్పుడు లైట్ల గురించీ రంగుల గురించీ కాకుండా, ఏ రకం కొనాలో, దానికి విడి రెక్కలు, షాఫ్ట్, గేర్లు, మోటార్లు, తోక ఫ్యాను విడిగా దొరుకుతాయో లేదో చూసుకోమని రాయించండి. విడిభాగాలు దొరకని బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఒక్క రెక్క విరిగితే అంతే సంగతులు. ఎగరేసేటప్పుడు చిన్నపిల్లల మొహాలకు, విరబోసుకున్న జుట్టుకు దూరంగా ఉంచమని కూడా చెప్పించండి.

ఉత్తరం పొడుగైందని తెలుసు. చోటు చాలకపోతే అంగారకుడిని తీసేయండి, మోడ్ల గొడవ తీసేయండి, నా విసుర్లన్నీ తీసేసినా ఏమీ అనుకోను. బ్యాటరీ గురించి రాసిన పేరా మాత్రం ఒక్క వాక్యం కూడా కోయకుండా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు